ఇంటి బడికి టీసీ అక్కర్లేదు

ఇరవై రెండేళ్ళు నేను ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసులో, హాజరు విభాగంలో పనిచేశాను. టెక్సస్‌లో, ప్లేనోకి అరగంట దూరంలో. డిస్ట్రిక్ట్ పేరు చెప్పను. చెప్పినా తేడా లేదు, అన్ని ఆఫీసుల్లోనూ కౌంటర్ ఎత్తు ఒక్కటే. పోయిన ఏడాది రిటైరయ్యాను.

ఈమధ్య మన ఆడపిల్లలు చాలామంది స్కూళ్ళలో చేరుతున్నారు. సబ్‌స్టిట్యూట్ టీచర్లుగానో, లంచ్ రూమ్‌లోనో, ఫ్రంట్ ఆఫీసులోనో. వర్క్ పర్మిట్ రాగానే, ఇంటికి దగ్గర, పిల్లల సెలవులే తమకీ సెలవులు అనుకుని చేరతారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు "ఆంటీ, హోమ్‌స్కూల్ అంటూ ఎవరైనా కౌంటర్‌కి వస్తే ఏం చెప్పాలి?" అని నన్ను అడిగారు. ఫోన్‌లో చెబితే పొడుగవుతుందని రాస్తున్నాను. నా ప్రమోషన్లూ ప్రశంసాపత్రాలూ ఇందులో ఉండవు. ఉన్నవి కూడా తక్కువే.

చట్టం అరపేజీ

మనవాళ్ళు ఎవరొచ్చినా లావుపాటి ఫైలుతో వచ్చేవారు. పిల్ల బర్త్ సర్టిఫికెట్, టీకాల కాగితాలు, తల్లి ఎంటెక్ డిగ్రీ, తండ్రి ఆఫీసు లెటర్. వీటిలో ఒక్కటీ అక్కర్లేదు. టెక్సస్‌లో ఇంటి బడిని ప్రైవేటు బడి కింద లెక్కవేస్తారు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేదు, తల్లికి టీచర్ డిగ్రీ ఉండాలని లేదు, ప్రభుత్వం పరీక్ష పెట్టదు, రోజుకిన్ని గంటలని లేదు. కావలసిందల్లా నిజంగా చదువు చెప్పడం. పుస్తకమో, వర్క్‌బుక్కో, కంప్యూటర్ పాఠమో, కంటికి కనబడే సిలబస్ ఒకటి ఉండాలి. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరుడిగా మెలగడం, ఈ ఐదూ అందులో ఉండాలి. ఈ ఐదోది ఎలా చెప్పాలని అందరూ అడుగుతారు. ఓటు, కోర్టు, పన్నులు, పక్కింటివాళ్ళ లాన్ తొక్కకపోవడం, అని చెప్పేదాన్ని.

పిల్ల ఎప్పుడూ పబ్లిక్ స్కూల్లో చేరి ఉండకపోతే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. చేరి ఉంటే మాత్రం ఒక ఉత్తరం ఇవ్వాలి. పిల్ల పేరు, ఫలానా తేదీ నుంచి ఇంట్లో చదివిస్తున్నామన్న మాట, రాసిన తేదీ, తల్లిదండ్రుల సంతకం. నాలుగు వాక్యాలు చాలు, ఈమెయిల్ అయినా సరే. ఒక కాపీ దగ్గర పెట్టుకోవాలి. ఆ రాసిన తేదీ నుంచే పాఠం మొదలుపెట్టాలి. ఇంకో సంగతి కూడా చెప్పండి. బడిలో పిల్లకి ప్రత్యేక సాయం ఏదైనా అందుతుంటే, బడి మానేశాక అది చాలావరకు ఆగిపోతుంది. ఇది చాలామందికి ఆగిపోయాకే తెలుస్తుంది.

అమెరికా అంతా ఇంతే అనుకోకండి. కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఉండే మా పిన్ని కూతురు ఏటా అక్టోబర్ మొదటి పక్షంలో అక్కడి ప్రభుత్వానికి ఒక అఫిడవిట్ పెడుతుంది, హాజరు పట్టీ కూడా రాసుకుంటుంది. ఇంకో రాష్ట్రంలో, ట్రాయ్ అనే ఊళ్ళో, మా ఆడపడుచు కోడలు ఎవరికీ ఏ కాగితమూ ఇవ్వకుండానే ఇద్దరికి చదువు చెబుతోంది. న్యూయార్క్‌లో అయితే మూణ్ణెల్లకోసారి రిపోర్టు ఇవ్వాలి. పైగా రూల్స్ మారుతుంటాయి. ఎవరి రాష్ట్రం విద్యాశాఖ సైటు వాళ్ళు చూసుకోవాలి. ఇంకో రాష్ట్రంలో ఉన్నావిడ వాట్సాప్ గ్రూపులో పెట్టింది చదివి పనిలోకి దిగితే అంతే సంగతులు.

ఫారంలో లేని గడి

నేను చేరినప్పటి నుంచి ఆవిడ రిటైరయ్యేదాకా నా బాస్ మిస్ లొరెయిన్. ఆరడుగుల మనిషి, ఈస్ట్ టెక్సస్ యాస. నవ్వితే రెండు గదుల అవతలికి వినబడేది, కానీ ఆఫీసు వేళల్లో పెద్దగా నవ్వేది కాదు. ఆవిడ మాటలు ఇంగ్లీషువే, నేను తెలుగులో రాస్తున్నాను.

చేరిన మొదటి నెలలో ఒక తెల్లావిడ కొడుకుని బడి మాన్పిస్తున్నట్టు ఉత్తరం తెచ్చింది. నేను తీసుకుని, "ఎందుకు మాన్పిస్తున్నారు?" అని అడిగాను. ఆవిడ పది నిమిషాలు చెప్పింది, కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది. నాకేదో సాయం చేసిన తృప్తి. ఆవిడ వెళ్ళాక మిస్ లొరెయిన్ ఆ కాగితం నా ముందు పెట్టింది.

"విజయా, ఇందులో 'ఎందుకు' అనే గడి ఎక్కడైనా ఉందా?"

"లేదు."

"మరి నువ్వెందుకు అడిగావు?"

మనకి 'ఎందుకు' అన్నది పలకరింపు. ఉద్యోగం ఎందుకు మానేశావు, ఇల్లెందుకు అమ్మేశావు, ఇంకో పిల్లనెందుకు కనలేదు. అభిమానంతోనే అడుగుతాం. కౌంటర్ వెనక నిలబడి అడిగితే అది విచారణ అవుతుంది. చట్టం కారణం అడగలేదు కాబట్టి మనమూ అడగకూడదు. ఇది నాకు వెంటనే అర్థమైంది, కానీ వంటపట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది.

నాకు ఇంటి బడి మీద అప్పట్లో మంచి అభిప్రాయం లేదని కూడా ఇక్కడే చెప్పేస్తాను. పిల్లలు పదిమందిలో పడి, కాస్త దెబ్బలు తిని పెరగాలని నా నమ్మకం. స్పెల్లింగ్ పోటీల కోసం బడి మాన్పించే తండ్రుల్ని చూసి ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది. అలాంటి ఒకాయన సిలబస్ అంటూ నాకు ఒక డిక్షనరీ చూపించాడు. లెక్కలెక్కడున్నాయండీ అంటే పేజీ నంబర్లు చూపించాడు. సరదాకే అన్నాడనుకోండి.

ముద్ర కావాలన్న డాక్టరుగారు

డెబ్బైల్లో ఇక్కడికొచ్చి స్థిరపడిన గుండె డాక్టరుగారొకరు, రిటైరయ్యాక మనవరాలికి తనే చదువు చెబుతానని వచ్చారు. టై కట్టుకుని వచ్చారు.

"అనుమతి ఎవరిస్తారమ్మా?"

"ఎవరూ ఇవ్వరండీ. అక్కర్లేదు."

"ఎవరూ ఇవ్వకపోతే అది చట్టబద్ధం ఎట్లా అవుతుంది?"

అరగంట వాదన. వేలమంది గుండెలు చూసిన మనిషి, నలభై ఏళ్ళకి పైగా ఈ దేశంలో ఉన్న మనిషి, ఎవరి అనుమతీ అక్కర్లేని పని ఒకటుంటుందని నమ్మలేకపోయారు. ఉత్తరం మీద అమ్మాయి తల్లిదండ్రుల సంతకం ఉండాలని తిప్పి పంపాను. మర్నాడు సంతకంతో వచ్చారు. ఆయన కాపీ మీద 'అందినది' అనే తేదీ ముద్ర గట్టిగా కొట్టి ఇచ్చాను. ఆ ముద్రని వేలితో తడిమి, "ఇదమ్మా నేనడిగింది," అన్నారు.

ఆ కథ చెప్పి ఇంట్లో వారం రోజులు నవ్వించాను. నవ్వాల్సిన విషయం కాదని తర్వాత తెలిసింది. పై నుంచి ఎవరో సరే అంటే తప్ప అడుగు వెయ్యకూడదని మనం చిన్నప్పుడే నేర్చుకుని వస్తాం. ఎన్నేళ్ళు ఇక్కడ ఉన్నా అది పోదు.

సుహాసిని

సుహాసినిది కరీంనగర్. భర్త రవికిరణ్ సాఫ్ట్‌వేర్. న్యూజెర్సీ నుంచి మా వైపు మారి అప్పటికి ఏడాది. ఒక్కతే కూతురు మేధ, తొమ్మిదేళ్ళది, నాలుగో తరగతి. పిల్ల చదవడంలో వెనకబడింది. అక్షరాలు తారుమారయ్యేవి. క్లాసులో ఒక్కొక్కరూ ఒక్కో పేరా పైకి చదవాలి. తన వంతు దగ్గరపడేసరికి బాత్రూమ్‌కి వెళ్ళేది. ఆ సంగతి మిగతా పిల్లలు కనిపెట్టి ఏడిపించడం మొదలుపెట్టారు. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే కడుపునొప్పి. బడి ముందు కార్‌లోంచి దిగేది కాదు.

మా కాలనీలో శుక్రవారాలు ఎవరో ఒకరింట్లో లలితా పారాయణం జరిగేది. అదయ్యాక పులిహోర ప్లేట్లు పట్టుకుని నిలబడినప్పుడే మనవాళ్ళ ఆఫీసు పనులన్నీ జరుగుతాయి. డాక్టర్ అపాయింట్‌మెంట్లూ, ఉద్యోగాల రిఫరల్సూ అన్నీ అక్కడే. సుహాసిని నా పక్కకి వచ్చింది.

"ఆంటీ, మేధని బడి మాన్పించి ఇంట్ల నేనే చదివిద్దామనుకుంటున్న. టీసీ ఎవరిస్తరు? ఎన్ని రోజులు పడ్తది?"

మన దేశంలో ఒక బడి వదలాలంటే హెడ్మాస్టరు ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ ఇవ్వాలి. అది చేతికొచ్చేదాకా పిల్ల ఆ బడి పిల్లే. ఇక్కడ అలాంటి కాగితమే లేదు. 'టీసీ లేదమ్మా, రేపే ఉత్తరం రాసిచ్చి పాఠం మొదలుపెట్టు' అంటే సరిపోయేది. నేను అనలేదు.

"ఆఫీసులో కనుక్కుని చెప్తానమ్మా. తొందరపడకు," అన్నాను.

సోమవారం నుంచి ఆమె మేధని బడికి పంపలేదు. టీసీ అడిగాక మళ్ళీ పంపితే బాగుండదని ఆమె అనుకుంది. నాతో చెప్పడమంటే ఆఫీసుకి చెప్పినట్టేనని కూడా అనుకుంది. రెండో వారంలో ఫోన్ చేసింది.

"కనుక్కున్నరా ఆంటీ? బిడ్డ ఇంట్లనే ఉంటున్నది."

స్క్రీన్ మీద చూశాను. ఆరు గైర్హాజర్లు. "ఇంకో రెండు రోజులు ఆగమ్మా," అన్నాను. ఆ తర్వాత మా ఆడపడుచు కూతురి పెళ్ళికి ట్రాయ్ వెళ్ళి వారం ఉండిపోయాను.

ఈలోపు స్కూల్ వాళ్ళు ఫోన్ చేస్తే, "ఆఫీసు నుంచి కాగితం రావాలి, దాని కోసం చూస్తున్నం," అని చెప్పిందట. ఆ కాగితమేమిటో వాళ్ళకి అర్థం కాలేదు. హెచ్చరిక ఈమెయిల్ కూడా వచ్చింది. "అది సిస్టమ్ పంపే మెయిలే. ఆంటీకి చెప్పినం గద," అన్నాడు రవికిరణ్.

ఆరు నెలల్లో పది రోజులు కారణం లేకుండా బడి ఎగ్గొడితే డిస్ట్రిక్ట్ వాళ్ళు కోర్టుకి పంపుతారు. పిల్ల చిన్నది కాబట్టి కేసు తల్లిదండ్రుల మీద పడుతుంది. నేను ట్రాయ్‌లో పెళ్ళి భోజనాలు చేస్తుండగా ఒక మధ్యాహ్నం కౌంటీ కానిస్టేబుల్ యూనిఫాంలో, నడుముకి తుపాకీతో, వాళ్ళ ఇంటికొచ్చాడు. మేధ తలుపు తీసింది. అతను తెచ్చిన సైటేషన్, అంటే కోర్టుకి రమ్మనే కాగితం, దాని మీద ఉన్నది సుహాసిని పేరు.

అప్పటికి వాళ్ళది గ్రీన్ కార్డు ఇంటర్వ్యూ దశ. మీ మీద ఎప్పుడైనా కేసుగానీ సైటేషన్‌గానీ ఉందా అని ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది. పదేళ్ళుగా ఆ కార్డు కోసం చూస్తున్నవాళ్ళకి ఆ ప్రశ్న ఎంత పెద్దదో మీకు తెలుసు.

రవికిరణ్ అడిగింది

నేను తిరిగొచ్చిన శనివారం ఇద్దరూ మా ఇంటికొచ్చారు. సుహాసిని సోఫా అంచున కూర్చుంది. మంచినీళ్ళు ఇస్తే పట్టుకుంది గానీ తాగలేదు.

"ఆంటీ, మూడు వారాల కిందటి డేట్ ఏసి లెటర్ ఇస్త," అన్నాడు రవికిరణ్. "మీ దగ్గర ముద్ర ఉంటది గద. ఫైల్ల పెట్టేస్తే అయిపాయె."

"దొరికితే కేసు ఇంకా పెద్దదవుతుంది నాయనా. నా ఉద్యోగం కూడా పోతుంది."

"మరి మాకెట్ల ఆంటీ? ఆగమన్నది మీరే గద!"

అతను గొంతు పెంచడం నేను చూసింది ఆ ఒక్కసారే. అతనన్నది అబద్ధం కాదు. ముద్ర కొట్టనన్నది నా నీతి వల్ల అనుకోకండి. భయం వల్ల. మీకూ ఇలాంటి రోజు వస్తుంది. అడిగేవాడు మనవాడే అయి ఉంటాడు, తప్పు కొంత మీదే అయి ఉంటుంది. అయినా ముద్ర కొట్టకండి. భయపడైనా సరే, కొట్టకండి.

సోమవారం పొద్దున్నే మిస్ లొరెయిన్ గదికి వెళ్ళి చెప్పాను. ఆమె నన్ను అడిగింది, నేను కనుక్కుని చెబుతానన్నాను, మర్చిపోయాను, అని. ఆవిడ పూర్తిగా విన్నది.

"కోర్టుకి వెళ్ళి ఇదే చెప్పు. నేను నీ మీద మందలింపు కాగితం రాసి ఫైల్లో పెడతాను. రెండూ జరుగుతాయి," అంది.

రెండూ జరిగాయి.

కోర్టు

ఆ వారంలోనే పిలిచారు, ఉత్తరం సంగతి జడ్జి ముందే తేల్చుకుందామని ఆగాం. చిన్న గది. జడ్జి పెద్దావిడ, మెడలో తాడుకి కళ్ళజోడు. నేను లేచి జరిగింది చెప్పాను. ఈమె నాతో చెప్పిన తేదీ ఇదీ, నేను మర్చిపోయాను, అన్నాను. జడ్జి రాసుకుని సుహాసిని వైపు తిరిగింది. ఇక్కడ కేసు తేలిపోతుందనుకున్నాను. ఆ తేదీ నుంచి ఇంట్లో నిజంగా చదువు చెప్పి ఉంటే, ఉత్తరం ఆలస్యమైనా మాట్లాడుకోవడానికి వీలుంటుంది.

"ఈ మూడు వారాల్లో పాపకి ఏం పాఠాలు చెప్పారు?" అని అడిగింది జడ్జి.

సుహాసిని నిలబడి, తడబడకుండా చెప్పింది. "ఏం చెప్పలేదు మేడమ్. పర్మిషన్ రాలేదు. రాకముందే మొదలుపెడితే తప్పు కదా అని, పుస్తకాలు కొని పక్కన పెట్టాను."

జడ్జి కళ్ళజోడు తీసింది. "లేని రూల్‌ని ఇంత శ్రద్ధగా పాటించినవాళ్ళని నేను ఇప్పటిదాకా చూడలేదు," అంది.

గదిలో ఎవరో నవ్వారు. సుహాసిని నవ్వలేదు. ఒక్క చిన్న అబద్ధం ఆడి ఉంటే అక్కడే బయటపడేది. ఎవరూ చెప్పకుండానే నిజం చెప్పి, తన మీద కేసుని తనే గట్టి చేసుకుంది. నేను లేచి ఇంకో మాట చెప్పాల్సింది. చెప్పలేదు.

జడ్జి రెండు నెలల గడువిచ్చింది. ఆరోజే ఉత్తరం రాయించుకున్నారు. మర్నాటి నుంచి సుహాసిని పాఠాలు మొదలుపెట్టింది. వాయిదాకి సిలబస్, మేధ రాసిన నోటు పుస్తకాలు పట్టుకెళితే కేసు కొట్టేశారు. గ్రీన్ కార్డు ఇంటర్వ్యూకి ముందు ఫారంలో ఆ ప్రశ్నకి జవాబు అవునని మార్చి, కొట్టేసిన కాగితం జతచేశారు. ఆర్నెల్లు ఆలస్యంగా కార్డు వచ్చింది. ఆ ఆర్నెల్లూ సుహాసిని పారాయణానికి రాలేదు.

ఇప్పుడు కౌంటర్ దగ్గర కూర్చునేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. మనవాళ్ళు పెళ్ళిలోనో పారాయణంలోనో పక్కకి పిలిచి అడిగితే, ఉన్న రూల్ అక్కడికక్కడే చెప్పండి. కనుక్కుని చెబుతాననకండి. తెలియకపోతే తెలియదనండి, సైటు చూపించండి. మీ నోటి మాటకి వాళ్ళు ఆఫీసు ముద్రంత విలువ ఇస్తారు. మీకు ఆ విలువ అక్కర్లేకపోయినా ఇస్తారు.

కోర్టులో చెప్పనిది

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఆ సామెత నేను ఆఫీసుల గురించి చాలాసార్లు వాడాను. ఆ పూజారిని నేనేనని ఒప్పుకోవడానికి రిటైరవ్వాల్సి వచ్చింది.

నేను మర్చిపోలేదు. కనుక్కోవడానికి అందులో ఏమీ లేదు, రూల్ నాకు కంఠతా వచ్చు. ఆ పిల్ల బడిలోనే ఉండాలని నాకు అనిపించింది. నాలుగు రోజులు ఇంట్లో పెట్టుకుంటే తల్లే విసిగి, పది గైర్హాజర్లు పడకముందే మళ్ళీ పంపిస్తుందని అనుకున్నాను. రెండు వారాలు నాన్చితే ఆ ఆలోచనే చచ్చిపోతుందని కావాలనే నాన్చాను. ఎందుకు మాన్పిస్తున్నావని ఆమెని అడగలేదు గానీ, అడగకుండానే తీర్పు చెప్పేశాను.

పోయిన వేసవిలో సుహాసినీ మేధా మా ఇంటికి భోజనానికి వచ్చారు. ఎనిమిదో తరగతిదాకా ఇంట్లోనే చదివి, మేధ తనంతట తనే హైస్కూల్లో చేరింది. ఇప్పుడు పదహారేళ్ళు. ఇప్పటికీ నెమ్మదిగానే చదువుతుంది, కానీ దాచుకోదు. నా అభిప్రాయం తప్పని ఆ పిల్లని చూస్తేనే తెలుస్తుంది.

భోజనాలయ్యాక వంటింట్లో గిన్నెలు సర్దుతూ సుహాసినికి చెప్పేశాను. ఆమె కుళాయి కట్టేసింది.

"కోర్టుల ఎందుకు చెప్పలే ఆంటీ?"

"మర్చిపోయానంటే కాగితం రాస్తారు. కావాలని ఆపానంటే ఉద్యోగం తీసేస్తారు."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

"నాకు చెప్పి ఏం లాభం," అంది. "పోయి మేధకు చెప్పుండ్రి. తనకు చదవరానందుకే ఆ రోజు పోలీసాయన వచ్చిండని అనుకున్నది. ఇప్పటికీ గదే అనుకుంటది. కాదు బిడ్డా అంటే, నువ్వు అమ్మవు గాబట్టి అట్లనే అంటవంటది."

మేధ వెనక పాటియోలో కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. ఎదురుగా కూర్చున్నాను. తనకి అర్థమయ్యే తెలుగులో, మధ్యలో ఇంగ్లీషు కలుపుతూ, మొదటి నుంచి చెప్పాను. అమ్మ నన్ను ఏం అడిగిందో, నేను ఏం చెప్పాలో, ఏం చెప్పానో. ఎందుకు అలా చేశానో కూడా.

ఫోన్ బల్ల మీద పెట్టింది. "సో, అది నా రీడింగ్ వల్ల కాదా?"

"కాదమ్మా. నా వల్ల."

"మీరు అప్పుడే చెప్తే, ఆ పోలీస్ రాడా?"

"వచ్చేవాడు కాదు."

కాసేపు ఫెన్స్ వైపు చూసింది. లెక్క చూసుకుంటోందని తర్వాత తెలిసింది.

"సెవెన్ ఇయర్స్, ఆంటీ," అంది.

సారీ అన్నాను. ఇక్కడి పిల్లలు ఆ మాట వినగానే ఇట్స్ ఓకే అనేస్తారు. మేధ అనలేదు.